కోనసీమ ఇంటిలో స్పేనియల్ కుక్క

ధవళేశ్వరము కడ గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలును. ఆ రెండు పాయల నడుమ నున్న పచ్చని నేలయే కోనసీమ. ఆ నేలకు తలవాకిట ఉన్న ఊరు ఆత్రేయపురము. ఈ ఊరి పేరు చెప్పగనే పూతరేకులు జ్ఞప్తికి వచ్చును. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. పెరటిలో కొబ్బరిచెట్లు, వీధి చివర కాలువ, వరండాలో కుండ బోర్లించి రేకులు తీయు పొయ్యి - అట్టి ఒక ఇంటిలో ఆరవ తరగతి చదువు బాలుడు, ఏదో చిత్రములో పొడుగు చెవుల కుక్కపిల్లను చూచి, "నాకు అటువంటిది కావలెను" అని మారాము చేసెననుకొందము. ఆ తల్లిదండ్రులు ఏమి ఆలోచింపవలెను?

"ముద్దుగా ఉన్నది, తెచ్చెదము" అనుట ఒక విధము. "ఈ జంతువు శరీరము ఎట్టి చోటికి తగినది? మన ఊరి ఎండ, చెమ్మ, కాలువలు, పురుగులు దానినేమి చేయును?" అని అడుగుట వేరొక విధము. మొదటిది ముచ్చట, రెండవది విజ్ఞానము. కుక్కపిల్ల పన్నెండు, పదునాలుగేండ్లు బ్రతుకును. నేడు ఆరవ తరగతిలో నున్న బాలుడు ఉద్యోగములో చేరునప్పటికి అది ముసలిదై ఇంటనే యుండును. కావున ఈ ప్రశ్న చిన్నది కాదు.

స్పేనియల్ పుట్టుక

స్పేనియల్ అను మాట స్పెయిన్ దేశము పేరునుండి వచ్చినదని సాధారణముగా చెప్పుదురు. కాని నేడు మనము చూచు స్పేనియల్ జాతులలో పెక్కింటిని తీర్చిదిద్దినది ఇంగ్లండు దేశపు వేటగాండ్రు. పొదలలో దాగిన పక్షులను పసిగట్టి లేపుట, తుపాకి దెబ్బకు పడిన పక్షిని పండ్లు దిగకుండ నోట కరచుకొని తెచ్చుట - ఇవి దాని పనులు. పక్షులను ఎగిరింప జేయు పెద్ద కుక్కకు స్ప్రింగర్ అనియు, వుడ్‌కాక్ అను పక్షివేటకు పనికివచ్చు చిన్న కుక్కకు కాకర్ అనియు పేర్లు వచ్చినవి. విశేషమేమనగా, పూర్వము ఒక్క ఈతలో పుట్టిన పిల్లలలోనే పెద్దవానిని ఒక పేరుతోను, చిన్నవానిని వేరొక పేరుతోను పిలిచెడివారు. ఇవి వేర్వేరు జాతులుగా స్థిరపడినది పందొమ్మిదవ శతాబ్దము చివరను, ఇరువదవ శతాబ్దము మొదటను మాత్రమే. అమెరికాలోని కెన్నెల్ క్లబ్బు 1946లో ఇంగ్లీషు కాకర్‌ను అమెరికను కాకర్‌నుండి వేరు జాతిగా గుర్తించినది.

మన దేశములో ఇండ్లలో పెంచువారికి ముఖ్యముగా తెలియవలసినవి నాలుగు. ఇంగ్లీషు కాకర్ సుమారు 38 నుండి 41 సెంటీమీటర్ల ఎత్తు, 13 నుండి 14.5 కిలోల బరువు ఉండును. అమెరికను కాకర్ దానికంటె కొంచెము పొట్టిది. దాని రోమములు మరింత దట్టము, పొడవు. స్ప్రింగర్ సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తు పెరుగును. రోజూ బాగుగా పరుగెత్తనిదే దానికి తోచదు. కవలియర్ కింగ్ చార్లెస్ అనునది ఒడిలో ఇమిడిపోవు చిన్న జాతి, బరువు 5.5 నుండి 8 కిలోలు. నెమ్మదియైనదే గాని వయస్సు మీరిన కొలది దీనికి గుండె కవాటపు జబ్బు వచ్చుట మిక్కిలి సాధారణము.

స్వభావమున స్పేనియల్ మనుష్యులను అంటి పెట్టుకొని యుండును. వేటలో యజమాని చేతి సైగకు లోబడి, అతనికి దగ్గరగానే తిరుగుటకై తరతరములుగా ఎన్నిక చేయబడిన కుక్క ఇది. పిల్లలున్న ఇంటికి ఇది నచ్చుటకు కారణమిదే. పగలంతయు పెరటిలో గొలుసుతో కట్టివేసిన యెడల ఎడతెగక మొరుగుట, వస్తువులు కొరుకుట చేయుటకును కారణమిదే. కాపలా కొరకు ఎవరును స్పేనియల్‌ను తెచ్చుకొనరాదు. అది దొంగను చూచి తోక ఊపినను ఆశ్చర్యము లేదు!

ఒగర్పు వెనుక నున్న శాస్త్రము

మనకు ఎండ తగిలినచో ఒడలంతయు చెమర్చును. చెమట ఆవిరియగుటకు కావలసిన వేడిని మన చర్మమునుండి గ్రహించును, ఒడలు చల్లబడును. కుక్కకు అట్టి చెమటగ్రంథులు పంజాల అడుగున మాత్రమే కలవు. అది ప్రధానముగా నాలుక వెళ్ళబెట్టి ఒగర్చుట ద్వారా చల్లబడును. నోటిలోని తడి, ఊపిరితిత్తుల దారిలోని తడి ఆవిరియై వేడిని తీసికొనిపోవును.

ఇక్కడనే కోనసీమ సమస్య వచ్చుచున్నది. గాలిలో ఇదివరకే నీటియావిరి ఎక్కువగా నున్నచో కొత్త తడి త్వరగా ఆవిరి కాదు. మే నెల మధ్యాహ్నమున పొడియెండ మాత్రమే కాదు, కాలువలు, వరిమళ్ళు, సముద్రపుగాలి ఇచ్చు చెమ్మ కూడ ఇక్కడ తోడగును. కుక్క ఎంత ఒగర్చినను ఫలము తక్కువ. పైగా ఒగర్చుట కండరముల పని. ఆ పనియే కొంత వేడిని పుట్టించును. స్పేనియల్ తాను పుట్టిన చల్లని దేశమునకు తగిన రోమపు దుప్పటిని కప్పుకొనియే ఇక్కడకు వచ్చినది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. రెండు ఉష్ణమాపకములు తీసికొని, ఒకదాని బల్బునకు తడిబట్ట చుట్టి, నీడలో ప్రక్కప్రక్కన వ్రేలాడదీయుడు. పొడిగాలి వీచు దినమున తడి ఉష్ణమాపకము చాల డిగ్రీలు తక్కువ చూపును. ముసురు పట్టిన దినమున రెండింటి భేదము మిక్కిలి స్వల్పము. ఆ భేదము ఎంత తగ్గిన, కుక్కకు ఒగర్పు అంత తక్కువగా ఉపయోగపడునని విద్యార్థులకు చెప్పవచ్చును.

ఆరోగ్యముగల కుక్క శరీరపు వేడి 38.3 నుండి 39.2 డిగ్రీల సెంటిగ్రేడు. 41 డిగ్రీలు దాటినచో ప్రాణాపాయము. మితిమీరిన ఒగర్పు, జిగురైన చొంగ, చిగుళ్ళు ఎర్రబారుట, తూలుట కనిపించిన వెంటనే నీడకు చేర్చి, మామూలు నీటితో ఒడలు తడిపి, విసరుచు, పశువైద్యుని కడకు కొనిపోవలెను. అంతకంటె మేలు, ఆ స్థితి రానీయకుండుట. నడకకు తెల్లవారకముందు, ప్రొద్దుగుంకిన తరువాత మాత్రమే తీసికొనిపోవలెను. రోడ్డుపై అరచేతి వెనుకభాగము ఆనించి ఉంచలేనంత వేడి యున్నచో కుక్క పంజాలకును అది వేడియే. రోమములను పొట్టిగా కత్తిరింపవచ్చును గాని పూర్తిగా గొరిగివేయరాదు. అవి ఎండ చర్మమునకు నేరుగా తగులకుండ కాపాడును.

అందమైన చెవి, ఆపదగల చెవి

స్పేనియల్ ముఖమునకు అందము దాని చెవులే. అవే దాని జబ్బులకు ప్రధానమైన నెలవు కూడ. కుక్క చెవిలోని నాళము మన చెవివలె తిన్నగా నుండదు. మొదట క్రిందికి దిగి, తరువాత మోచేతి వంపువలె లోనికి తిరుగును. చెవి పైకి నిలిచిన కుక్కలో ఈ నాళమునకు గాలి తగులును. స్పేనియల్ చెవి మూతవలె దానిపై వ్రేలాడును. అందులో రోమములును, గుబిలి నూరించు గ్రంథులును కూడ ఇతర కుక్కలలో కంటె ఎక్కువ. చీకటి, వెచ్చదనము, తడి, జిడ్డు - సూక్ష్మజీవులకు ఇంతకంటె కావలసినదేమి? చర్మముపై సహజముగా కొద్దిగా నుండు మలసీజియా అను ఈస్టు, కొన్ని బాక్టీరియాలు అక్కడ విపరీతముగా పెరిగి చెవిపోటు తెచ్చును.

పైగా ఈ కుక్కకు నీరన్న ప్రాణము. లొల్ల లాకుల ప్రక్క కాలువగట్టున విడిచితిమా, దుమికి తీరును. కాలువ వడికి కొట్టుకొనిపోవు ప్రమాదము ఒకటి. తడిసిన చెవి ఆరక చీకుట రెండవది. కావున గట్టుపై ఎప్పుడును తాడు విడువరాదు. స్నానము చేయించినను, వానలో తడిసినను చెవి లోపలి అంచువరకు మెత్తని పొడిబట్టతో తుడిచి, చెవిని కొంతసేపు వెనుకకు మడచి గాలి తగులనీయవలెను.

వారమునకు రెండుసార్లు చెవిని ఎత్తి చూచుట, వాసన చూచుట అలవాటు చేసికొనవలెను. ఆరోగ్యమైన చెవి లేత గులాబిరంగులో నుండును, దుర్వాసన ఉండదు. తల పదేపదే విదలించుట, చెవిని గోడకు రాచుట, గోధుమరంగు మడ్డి, పులిసిన వాసన - ఇవి జబ్బు గుర్తులు. అప్పుడు ఇంటిలోని కొబ్బరినూనె గాని, వెల్లుల్లి కాచిన నూనె గాని పోయరాదు. దూదిపుల్ల లోనికి దూర్చరాదు. ఆ వంపులోనికి మడ్డి మరింత నెట్టబడును. కర్ణభేరి చిరిగినదా లేదా చూచి మందు నిర్ణయించుట పశువైద్యుని పని. అన్నము పెట్టు గిన్నె వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ గలదై యున్నచో చెవులు అన్నములో పడక గిన్నె వెలుపల నిలుచును. చిన్న ఉపాయమే గాని మేలు గొప్పది.

పిడుదులు, వాటి వెనుక జ్వరములు

దట్టమైన రోమములలో పిడుదులు దాగుట సులభము. కుక్కలను పట్టు గోధుమరంగు పిడుదు తన జీవితములో మూడుమార్లు కుక్కనెక్కి రక్తము త్రాగును. నడుమ దిగిపోయి గోడపగుళ్ళలో, మంచముకోళ్ళ సందులలో ఎదుగును. ఆడది దిగి వేలకొలది గ్రుడ్లు పెట్టును. కుక్క ఒంటిపై కనబడునవి కొన్నియే; ఇంటిలో దాగినవి పెక్కు. కావున కుక్కకు మందు వేసి, గోడపగుళ్ళు విడిచిన యెడల పని సగమే జరిగినట్లు.

పిడుదు దురదతో పోవునది కాదు. ఎర్లీకియా అను సూక్ష్మజీవిని అది కుక్క రక్తములో ప్రవేశపెట్టును. ఈ వ్యాధిని తొలిసారి 1935లో అల్జీరియాలో వర్ణించిరి. బబీసియా అను వేరొక జీవి ఎర్రరక్తకణములలో చేరి వాటిని పగులగొట్టును. జ్వరము, తిండి మానుట, చిగుళ్ళు పాలిపోవుట, ముక్కునుండి రక్తము - వీనిలో ఏది కనిపించినను రక్తపరీక్ష చేయింపవలెను. మొదటిలోనే పట్టినచో మందులు కలవు. రోజూ సాయంకాలము దువ్వెనతో దువ్వుచు చెవుల అడుగు, వ్రేళ్ళ సందులు, చంకలు వెదకుట ఉత్తమమైన నివారణ. దువ్వుట వలన చిక్కులు పడవు, రాలురోమము ఇంట చెల్లాచెదరు కాదు. పూతరేకులు చుట్టు ఇంటిలో ఈ పని వంటయింటికి దూరముగా, పెరటిలోనే జరుగవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

ఏమి పెట్టవలెను, ఏమి పెట్టరాదు

మన ఇండ్లలో కుక్కకు పాలన్నము, పెరుగన్నము పెట్టుట వాడుక. అది కడుపు నింపును గాని పెరుగు పిల్లకు చాలినంత మాంసకృత్తులు ఇయ్యదు. అన్నముతోపాటు ఉడికిన గ్రుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసము, ముండ్లు తీసిన చేప, ఉడికిన గుమ్మడి, క్యారెట్టు చేర్చవచ్చును. పాలలోని చక్కెరను జీర్ణము చేసికొను శక్తి పెద్ద కుక్కలలో పెక్కింటికి తక్కువ. విరేచనములైనచో పాలు మానిపించవలెను.

ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణములను పాడుచేయును. కనుక మన కూరలు, పులుసులు దానికి పనికిరావు. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండములను దెబ్బతీయును. చాకొలెట్టులోని థియోబ్రోమీను గుండెను, నాడులను కలవరపరచును. ఉడికిన ఎముకలు ముక్కలై పేగులను చీల్చును. వేసవిలో మామిడిటెంక మ్రింగినచో పేగునకు అడ్డుపడును.

ఇక ఆత్రేయపురము మాట. పూతరేకు కాగితమంత పలుచన. ఒకటి పెట్టిన ఏమగునని తోచును. కాని ఆ రేకుల నడుమ నుండునది నేయి, చక్కెర లేక బెల్లము. జీడిపప్పు వంటి పప్పులు వేసిన రకములును కలవు, వానిలో ఎండుద్రాక్ష కూడ ఉండవచ్చును. కాకర్ స్పేనియల్ క్లోమమునకు వాపు వచ్చు స్వభావముగల జాతులలో ఒకటి. నేయి వంటి క్రొవ్వు ఒక్కమారుగా ఎక్కువైనచో అది ఆ జబ్బును రేపవచ్చును. వాంతులు, కడుపునొప్పితో కుక్క వంగి నిలుచును. పైగా ఈ కుక్క తిండిపోతు. దీనముగా చూచు ఆ కన్నులకు కరగి ఇంటిలోని ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క పెట్టినచో ఏడాది తిరుగకముందే అది పీపావలె తయారగును. ప్రక్కటెముకలు కంటికి కనబడరాదు, వ్రేళ్ళకు తగులవలెను - ఇదియే సరియైన బరువు గుర్తు.

పిల్లను ఎన్నుకొనుట

ఎనిమిది వారములు నిండని పిల్లను కొనరాదు. 2017లో కేంద్ర ప్రభుత్వము కుక్కల పెంపకము, అమ్మకముపై చేసిన నియమములు కూడ ఇట్లే చెప్పుచున్నవి. తల్లితోను తోబుట్టువులతోను ఆ వారములు గడపిన పిల్లయే ఎంత గట్టిగా కరువవచ్చునో, ఎక్కడ ఆపవలెనో నేర్చుకొనును. పిల్లతో పాటు తల్లిని చూపుడని అడుగవలెను. తల్లి క్రొత్తవారిని చూచి నక్కి దాగినను, ఉరిమినను ఆ పిల్లను విడిచిపెట్టుటయే మంచిది. కన్నులు తేటగా, చిగుళ్ళు గులాబిరంగుగా, చెవులు వాసన లేక, పొట్ట బానవలె ఉబ్బక ఉండవలెను. చప్పట్లు చరచినపుడు అన్నిటికంటె ముందు దుమికి మీదపడునది, మూల నక్కునది కాక, తల త్రిప్పి చూచి మెల్లగా వచ్చునది పిల్లలున్న ఇంటికి మేలు.

కంటికి కనబడని దోషము కూడ ఒకటి కలదు. కాకర్ జాతులలో కంటిలోని రెటీనా క్రమముగా క్షీణించి గ్రుడ్డితనము వచ్చు వంశవ్యాధి యున్నది. మొదట రేచీకటి, పిదప పూర్తి అంధత్వము. దీనికి కారణమైన జన్యువులోని మార్పును 2006లో గుర్తించిరి. నేడు రక్తముతోగాని, నోటిలోని కణములతోగాని పరీక్ష చేయవచ్చును. ఇది మెండెల్ చెప్పిన అంతర్గత లక్షణము. తల్లి, తండ్రి రెండును చూపుగలవియే, కాని ఒక్కొక్కదానిలో దోషపు జన్యువు ఒకటి దాగియున్నదనుకొందము. సగటున ప్రతి నాలుగు పిల్లలలో ఒకటి దోషము లేనిది, రెండు తల్లిదండ్రులవలె దోషమును దాచుకొన్నవి, ఒకటి గ్రుడ్డిదగునది. బటానీ మొక్కల పాఠము ఒక కుక్క కన్నులలో ఇట్లు నిజమగుచున్నది. "తల్లిదండ్రులకు చూపు బాగుగనే యున్నది" అను అమ్మకందారు మాట చాలదు. పరీక్ష ఫలితమును చూపుమని అడుగవలెను. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చు వంశపత్రము జాతిని తెలుపును, ఆరోగ్యమును తెలుపదు.

టీకాలు: ఇందులో ఆలస్యము పనికిరాదు

ఆరు, ఎనిమిది వారముల మధ్య డిస్టెంపరు, పార్వో మొదలగు వ్యాధులకు టీకాలు ప్రారంభించి, మూడు నాలుగు వారముల కొకటి చొప్పున పదునారు వారముల వరకు వేయింపవలెను. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ ఒక్కొక్క పిల్లలో ఒక్కొక్కప్పుడు తగ్గును. అందుచేతనే ఇన్ని మోతాదులు. వరిచేలు, ఎలుకలు, నిలువనీరు గల మన సీమలో ఎలుకల జ్వరము, అనగా లెప్టోస్పైరోసిస్ టీకా కూడ అవసరము; అది మనుష్యులకును సోకును. నులిపురుగుల మందు చిన్నతనములో పదునైదు దినముల కొకమారు ఇయ్యవలెను. కుక్క మలములోని పురుగుగ్రుడ్లు మట్టి ద్వారా చిన్నపిల్లల నోటిలోనికి చేరునని మరువరాదు.

మూడు నెలలు నిండగనే రేబీసు టీకా. తరువాత వైద్యుడు చెప్పిన గడువున మరల, పిదప ఏటేట. 1885 జూలై 6న లూయీ పాశ్చరు జోసెఫ్ మైస్టర్ అను బాలునికి ఈ వ్యాధి టీకా మొదటిసారి వేసి ప్రాణము నిలిపెను. దక్షిణదేశమున కూనూరులో పాశ్చరు సంస్థ 1907లో వెలసినది. అంత పాత విజ్ఞానము చేతిలో నుండగా నేటికిని మన దేశములో పిల్లలు ఈ వ్యాధితో మరణించుట విచారకరము. లక్షణములు కనిపించిన తరువాత దీనికి చికిత్స దాదాపు లేదు. అంతకుముందు టీకా దాదాపు తప్పక కాపాడును.

కావున ఏ కుక్క కరచినను, అది మన ఇంటి కుక్కయైనను, గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, సున్నము, కారము, ఆకుపసరు పెట్టరాదు. ఆ దినమే ఆసుపత్రికి పోయి, చెప్పిన దినములన్నిటను సూదులు వేయించుకొనవలెను. ఇంట తిట్టుదురని భయపడి కాటును దాచు పిల్లలు కలరు. దాచినవారిని కాక, చెప్పినవారిని మెచ్చుకొను ఇల్లు, బడి కావలెను. ఉపాధ్యాయులు ఏటా సెప్టెంబరు 28న, ప్రపంచ రేబీసు దినమున, ఈ ఒక్క పాఠము చెప్పినను చాలును.

తుది నిర్ణయము

రోజూ దువ్వుటకు, చెవులు చూచుటకు, రెండుపూటల నడకకు కలిపి ఒక గంటకు తక్కువ కాని కాలము, వేసవిలో చల్లని గది, దగ్గరలో పశువైద్యుడు - ఇవి గల ఇంటికి స్పేనియల్ చక్కని నేస్తము. ఇవి లేని ఇంటికి అది భారము. ఆ ఇల్లు దానికి శిక్ష. ముచ్చట తీరిన తరువాత కాలువగట్టున విడిచిన కుక్క చెవులు చీకి, టీకాలు లేక, ఊరకుక్కలలో కలిసి రేపటి కాటునకు కారణమగును. నష్టము కుక్కకే కాదు, ఊరికిని.

కుక్కను పెంచవలెనన్న కోరిక నిజమైనదైనచో మన చెంతనే వేరొక దారియు కలదు. కొల్లేటి ప్రాంతమున, గోదావరి, కృష్ణా తీరముల బాతులమందల వెంట, చేపల చెరువుల కడ తిరుగు జోనంగి కుక్క మన నేలలోనే పుట్టినది. దాని ఒంటిపై రోమము మిక్కిలి పొట్టి. ఎండకు, చెమ్మకు ఓర్చును. పిడుదు దాగుటకు అక్కడ చోటు తక్కువ. మన వీధికుక్క పిల్లయు అట్టిదే; టీకాలు వేయించి, పురుగులమందు ఇచ్చి, ప్రేమతో పెంచిన చక్కగా మచ్చికయగును. ఈ కుక్కలను కోనసీమ వంటి చోటులే తరతరములుగా తీర్చినవి. స్పేనియల్‌ను ఇంగ్లండు పొదలు తీర్చినవి. భేదము గొప్పతనములో లేదు, తగుటలో నున్నది.

ఆ ఆరవ తరగతి బాలునికి తల్లిదండ్రులు ఒక పరీక్ష పెట్టవచ్చును. కుక్కను తెచ్చుటకు ముందు ఒక నెల దినములు తెల్లవారుజామున లేచి అరగంట నడచి రమ్మనుడు. సాయంకాలము అరగంట ప్రక్కింటి ఆవునో, దూడనో శుభ్రముచేసి, పిడుదులు ఏరి, లెక్క పుస్తకములో వ్రాయుమనుడు. నెల చివర ఆ పుస్తకము ఖాళీలు లేక నిండినచో కుక్కపిల్లను తేవచ్చును. ఏ జాతిదైనను అది ఆ ఇంట సుఖపడును.